గృహ సాంకేతికం : మూడు తెరల కంప్యూటరు – లక్ష రూపాయల లెక్క

గత సంచికలో ఇన్వర్టరు బ్యాటరీల సంరక్షణను గురించి ముచ్చటించుకున్నాము. ఈ మాసపు విషయం కొంత కుర్రకారుకు సంబంధించినది. ఆటల కొరకు మూడు తెరలు గల కంప్యూటరును పరిమితమైన సొమ్ముతో ఎట్లా సమకూర్చుకోవాలన్నదే ఆ విషయం. ఉద్యోగుల పత్రికలో ఆటల ప్రసక్తి ఏమిటని పెద్దలు నొసలు చిట్లించవచ్చు. కాని పిల్లలు అడుగుతున్నారు, తండ్రులు చెల్లిస్తున్నారు. ఏమి కొంటున్నామో, ఎందుకు కొంటున్నామో మాత్రం తరచుగా ఇద్దరికీ తెలియడం లేదు. ఆ లోటును కొంతైనా పూరించడమే మా ఉద్దేశం.

2024 దీపావళికి నెల రోజుల ముందు, మా విభాగంలో టెక్నీషియనుగా పనిచేసే మిత్రుడొకరు హజీరాలోని మా క్వార్టరుకు వచ్చారు. వారి తండ్రిగారు సుమారు నలభై ఏండ్ల క్రిందట కరీంనగర్ జిల్లా నుండి సూరత్ చేరి, లింబాయత్‌లో పవర్‌లూమ్ మీద చీరలు నేసిన పద్మశాలి. మిత్రుడు ఇక్కడి నగరపాలక సంస్థ వారి తెలుగు మాధ్యమ పాఠశాలలో అక్షరాలు దిద్దుకుని, తరువాత ఐ.టి.ఐ. చదివి మన సంస్థలో చేరారు. వారి కుమారునికి ఇరవై ఏండ్లు. పగలు రింగు రోడ్డు జౌళి వర్తకుల కోసం కంప్యూటరు మీద చీరల డిజైన్లు గీస్తాడు, రాత్రి అదే కంప్యూటరు మీద కార్ల పందెం ఆడుతాడు. పాత యంత్రం మొరాయించినందున ఇప్పుడు మూడు తెరల యంత్రం కావాలన్నాడు.

"సగం సొమ్ము నా బోనసు నుండి ఇస్తాను, సార్. మిగిలిన యాభై వేలు మా నాయన ఇస్తానంటున్నాడు. మగ్గం మానిననాడు చేతికి వచ్చిన డబ్బులో మిగిలినది అంతే. మనవడి కోసం ఇస్తానంటే వద్దనలేను. ఆటకు తగలేస్తాడేమోనని సరే అనలేను. మీరు ఈ చీటీ ఒక్కసారి చూడండి," అన్నారు మిత్రుడు.

అది అంగడివారు వ్రాసి ఇచ్చిన చీటీ. ఖరీదైన ప్రాసెసరు, నీటితో చల్లబరచే పరికరం, రంగురంగుల దీపాలు వెలిగే అద్దాల పెట్టె, వేర్వేరు కొలతల మూడు తెరలు. గ్రాఫిక్స్ కార్డు మాత్రం అన్నిటికన్న చిన్నది, దాని వెనుక తెరలు తగిలించేందుకు రెండే రంధ్రాలున్నాయి. అన్నిటికీ ప్రాణాధారమైన పవర్ సప్లై పెట్టెతో పాటు ఉచితమట. దానికి పేరు లేదు, ఊరు లేదు. మొత్తం సరిగ్గా లక్ష రూపాయలు.

"ఉచితం" అన్న ఆ మాట వద్దనే మా దృష్టి ఆగిపోయింది. కారణం మా స్వానుభవమే. 2011లో మా ఇంటికి కంప్యూటరు కూర్చుకున్నప్పుడు, మేమూ ఎనిమిది వందల రూపాయలు మిగులుతాయని పెట్టెతో వచ్చిన పవర్ సప్లైనే వాడుకున్నాము. విద్యుత్ రంగంలో అప్పటికే పాతికేండ్లకు చేరువైన అనుభవం మాకున్నది. అయినా ఇంటి సామాను దగ్గరకు వచ్చేసరికి ఆ జ్ఞానం అక్కరకు రాలేదు. రెండవ వేసవిలో ఒక మధ్యాహ్నం మాడు వాసన వచ్చింది. ఆ పెట్టె తాను పోతూ మదర్‌బోర్డును, హార్డ్ డిస్కును వెంట తీసుకుపోయింది. బోర్డును మరల కొనుక్కున్నాము. డిస్కులో మా అమ్మగారు మనవరాలికి మంగళహారతులు నేర్పుతుండగా పట్టిన రికార్డు ఉండేది. అమ్మగారు అంతకు ముందు ఏడే కాలధర్మం చెందారు. ఆ రికార్డుకు రెండవ ప్రతి లేదు. ఎనిమిది వందల రూపాయల ఆదా అంటే ఇప్పటికీ మా శ్రీమతి మా వంక ఒకసారి చూసి ఊరుకుంటారు.

అందుచేత ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకుని, ఆదివారం లింబాయత్ వెళ్ళాము. వెంట తీసుకువెళ్ళినవి రెండే రెండు: కొలత టేపు, తెల్ల కాగితం.

మొదటి ప్రశ్న : మూడు తెరలు ఎందుకు?

కర్మాగారంలో మోటారు కొనవలసి వచ్చినప్పుడు మనం ముందుగా మోటారును చూడము. అది లాగవలసిన భారాన్ని లెక్కిస్తాము. కంప్యూటరుకైనా అదే న్యాయం. ఇక్కడ భారమంటే తెరలు. అవి మూడు ఉన్నంత మాత్రాన భారం మూడింతలు కానక్కరలేదు. ఆట నడిమి తెర మీదనే ఆడుతూ, ప్రక్క తెరల మీద లెక్కలో, ఉత్తరాలో, డిజైన్లో ఉంచుకుంటే గ్రాఫిక్స్ కార్డుకు దాదాపు ఒక తెర భారమే పడుతుంది. ఒకే ఆటను మూడు తెరల మీద పరచి, కారులో కూర్చుని ముందు అద్దం, ప్రక్క అద్దాలు చూసినట్లు ఆడదలచితే మాత్రం భారం నిజంగానే మూడింతలు. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మీద వేల రూపాయలు ఆధారపడి ఉన్నాయి. అంగడివారు ఆ ప్రశ్న అడగనే లేదు.

కుర్రవాణ్ణి అడిగాము. "పందెం మూడు తెరల మీదా కావాలి, అంకుల్. మిగతా ఆటలు నడిమి దాంట్లో చాలు. డిజైన్ పనిలో చీర అంచు ఒకదాంట్లో, ఒళ్ళు ఒకదాంట్లో, కొంగు ఒకదాంట్లో పెట్టుకుంటే మాటిమాటికీ జరపనక్కరలేదు," అన్నాడు. ఇదంతా వింటున్న అతని తండ్రి ముఖం కొంత తేటపడింది. మూడు తెరల కోరికలో సగం పని కొరకేనన్న సంగతి వారికి అంతవరకు తెలియదు.

పడుగు – పేక

మంచం మీద కూర్చున్న తాతగారు, "భారం అంటున్నరు, తెరకు భారమేంది సారూ?" అని అడిగారు. వారికి చెప్పిన విధంగానే పాఠకులకూ మనవి చేస్తాము.

తెర అంటే ఒక వస్త్రమనుకోండి. సాధారణమైన ఫుల్ హెచ్‌డీ తెరలో 1920 పడుగు పోగులు, 1080 పేక పోగులు ఉన్నవనుకోవచ్చు. ఒక్కొక్క పోగు మరొక పోగును దాటే చోట ఒక రంగు చుక్క. మొత్తం చుక్కలు 20,73,600. మూడు తెరలకు 62,20,800. ఆట సాఫీగా సాగాలంటే సెకనుకు 60 మార్లు ఈ మూడు వస్త్రాలనూ కొత్తగా నేయాలి. అంటే సెకనుకు 37 కోట్ల 32 లక్షల చుక్కలు. ఆ నేతగాడే గ్రాఫిక్స్ కార్డు. ఏ రంగు ఎక్కడ వేయాలో, ఏ కారు ఎటు తిరిగిందో ముందుగా లెక్కకట్టి అందించే మేస్త్రీ ప్రాసెసరు. మేస్త్రీ ఎంత ఘనుడైనా నేతగాడు నీరసించితే గుడ్డ దిగదు. అంగడి చీటీలోని లోపం సరిగ్గా ఇదే.

తాతగారు తల ఊపి, "మగ్గం చిన్నదిచ్చి మేస్త్రీకి జీతం పెంచినట్టు," అన్నారు. ఇంతకన్న చక్కగా మేము చెప్పలేము.

ఇదే లెక్కతో మరొక సంగతి తేలుతుంది. 2560 × 1440 చుక్కల తెరలు మూడు పెట్టితే మొత్తం ఒక కోటి పది లక్షలు దాటుతుంది. 3840 × 2160 గల 4కె తెర ఒక్కటే 82,94,400. అంటే మూడు మామూలు తెరలు కలిసినా ఒక్క 4కె తెర కన్న తక్కువ భారమే. పరిమితమైన సొమ్ములో మూడు తెరలు కావాలంటే ఫుల్ హెచ్‌డీ వద్ద ఆగడమే వివేకం.

తెరలు, బల్ల

24 అంగుళాల తెర వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు. మూడింటిని వరుసగా పెట్టితే 160 సెంటీమీటర్లు కావాలి. ప్రక్క తెరలను కొంచెం లోపలికి తిప్పితే కొంత తగ్గుతుంది. కుర్రవాని బల్ల 120 సెంటీమీటర్లే. ఈ సంగతి కొన్న తరువాత తెలిసి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. వడ్రంగి చేత అయిదున్నర అడుగుల ప్లైవుడ్ పలకను పాత బల్ల మీద బిగింపజేశాము.

మూడు తెరలూ ఒకే నమూనావి కావాలి. కొలత, చుక్కల సంఖ్య, సెకనుకు మారే వేగం ఒక్కటిగా ఉంటేనే ఒకే ఆట మూడింటి మీదా అతుకు తెలియకుండా పరచుకుంటుంది. అంచులు సన్ననివై ఉండాలి. రంగుల పని ఉన్నది కనుక ప్రక్కనుండి చూసినా రంగు మారని ఐపీఎస్ తెరలు ఎంచుకున్నాము. చౌక తెరలలో చాలావాటికి ఒక హెచ్‌డీఎంఐ, ఒక వీజీఏ మాత్రమే ఉంటాయి. నేటి గ్రాఫిక్స్ కార్డులలో హెచ్‌డీఎంఐ సాధారణంగా ఒకటే, తక్కినవి డిస్‌ప్లేపోర్ట్‌లు, వీజీఏ అసలే ఉండదు. కనుక డిస్‌ప్లేపోర్ట్ గల తెరనే అడిగి తీసుకోవాలి. లేనిచో మార్పిడి తీగల కోసం తిరగవలసి వస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు

ఒకే కార్డుతో మూడు తెరల మీద ఆట ఆడించే ప్రయత్నం మేట్రాక్స్ సంస్థ 2002లో పార్హీలియా కార్డుతో చేసింది. 2009లో ఏఎండీ వారి ఐఫినిటీ వచ్చిన తరువాత అది ఇండ్లలోకి ప్రవేశించింది. అప్పట్లో మూడవ తెరను తప్పనిసరిగా డిస్‌ప్లేపోర్ట్ ద్వారానే తగిలించవలసి ఉండేది. 2010లో ఎన్‌విడియా తెచ్చిన సరౌండ్ పద్ధతికి మొదట రెండు కార్డులు కావలసి వచ్చాయి. 2012 నాటి జీటీఎక్స్ 680 తో వారికీ ఒక్క కార్డు సరిపోయింది. ఆ పాత జ్ఞాపకంతో ఇప్పటికీ రెండు కార్డులు జత చేయమని సలహా ఇచ్చేవారున్నారు. ఆ పద్ధతిని నేటి కొత్త ఆటలు పట్టించుకోవడం లేదు. ఒక్కటే కొనండి, మంచిది కొనండి.

మేము ఎంచినది 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060. ఎనిమిది జీబీ మెమరీ, 115 వాట్ల వాడకం. మేము తీసుకున్న నమూనాకు మూడు డిస్‌ప్లేపోర్ట్‌లు, ఒక హెచ్‌డీఎంఐ ఉన్నాయి. కార్ల పందేనికి, అంటే 2014 నాటి అసెట్టో కోర్సా వంటి ఆటలకు, మూడు తెరల మీద ఇది చాలు. బరువైన కొత్త ఆటలను మూడింటి మీదా పూర్తి హంగులతో నడపడం దీనివల్ల కాదు. వాటిని నడిమి తెర మీదనే ఆడుకోవాలని కుర్రవానికి ముందే చెప్పాము. ముందుగా చెప్పిన పరిమితి తరువాత నిరాశగా మారదు.

వాడిన కార్డు సగం ధరకు వస్తుందని ఎవరో ఆశ చూపించారు. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే డిజిటల్ నాణెపు వ్యవస్థ తన పద్ధతిని మార్చుకోవడంతో, అంతవరకు రాత్రింబవళ్ళు దాని లెక్కలు కట్టిన కార్డులు సంతలోకి పెద్దయెత్తున వచ్చాయి. వాటిలో మంచివీ ఉన్నాయి. కాని బిల్లు, వారంటీ లేని వస్తువును తాతగారి సొమ్ముతో కొనడానికి మాకు మనసొప్పలేదు.

ప్రాసెసరు, విద్యుత్తు

ప్రాసెసరు 2022 నాటి కోర్ ఐ5-12400. ఆరు కోర్లు ఉన్నాయి, మన అవసరానికి నిండుగా సరిపోతుంది. పేరు చివర "ఎఫ్" అక్షరం ఉన్నది కొంచెం చౌక. కాని అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు. కార్డు ఎప్పుడైనా మరమ్మతుకు వెళ్ళితే తెరలు చీకటై, కుర్రవాని సంపాదన ఆగిపోతుంది. కనుక "ఎఫ్" లేనిదే తీసుకున్నాము. ఒక హెచ్చరిక. తెరల తీగలను కార్డుకే తగిలించాలి. పొరపాటున మదర్‌బోర్డు రంధ్రాలకు తగిలించి, కార్డు పనిచేయడం లేదని అంగడికి మోసుకుపోయినవారిని మేమెరుగుదుము.

ఇక అసలు సంగతి. కార్డుకు 115 వాట్లు, ప్రాసెసరు అత్యధికంగా 117, తక్కిన భాగాలకు 50. మొత్తం సుమారు 280 వాట్లు. 550 వాట్ల పవర్ సప్లై పెట్టితే అది సగం భారం మీద చల్లగా నడుస్తుంది. "80 ప్లస్" ముద్ర, పేరుగల తయారీదారు, వారంటీ పత్రం ఈ మూడూ చూసి తీసుకున్నాము. 750, 850 వాట్లవి అనవసరం. పేరులేని 500 వాట్లది అపాయం.

గోడ నుండి తీసుకునేది ఇంకొంచెం ఎక్కువ, సుమారు 330 వాట్లు. దానికి మూడు తెరలకు 75 కలిపితే 405. సాధారణంగా అమ్మే 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది 360 వాట్లే. వీఏ వేరు, వాట్లు వేరు అన్నది మన ఉద్యోగులకు తెలిసినదే అయినా, అంగడిలో మరచిపోతుంటాము. 1000 వీఏ యూపీఎస్ తీసుకున్నాము.

పెట్టె విషయంలో దీపాలను చూడలేదు, జల్లెడలను చూశాము. ఆ వీధిలో ఇరుగు పొరుగు మగ్గాల నుండి పోగుల నుసి గాలిలో తేలుతుంటుంది. గాలి లోనికి పోయే చోట ఊడదీసి కడుగుకొనే జల్లెడ ఉండాలి. లోనికి ఊదే ఫ్యాన్లు రెండు, బయటికి తోసేది ఒకటి ఉంటే జల్లెడ లేని సందుల గుండా నుసి చొరబడదు. పదిహేను రోజులకొకసారి జల్లెడ దులపడం తాతగారు తమ పనిగా స్వీకరించారు.

లక్ష రూపాయల పట్టిక

మేము కొన్ననాటి లెక్క ఇట్లా ఉన్నది, రూపాయలలో:

మూడు తెరలు – 25,000
గ్రాఫిక్స్ కార్డు – 28,000
ప్రాసెసరు – 12,500
మదర్‌బోర్డు – 8,000
మెమరీ, ఎనిమిది జీబీవి రెండు – 4,000
ఒక టీబీ ఎస్ఎస్‌డీ – 6,000
పవర్ సప్లై – 5,000
పెట్టె, ఫ్యాన్లు – 4,000
యూపీఎస్ – 5,500
తీగలు, ఇతరములు – 2,000
మొత్తం – 1,00,000

కీబోర్డు, మౌసు పాతవే. విండోస్ లైసెన్సు రుసుము దీనికి అదనం. 2025 చివరి నుండి మెమరీ ధరలు బాగా పెరిగాయి. కనుక పాఠకులు రూపాయలను గాక పాళ్ళను గుర్తుంచుకోవాలి. సగానికి పైగా సొమ్ము తెరలకు, కార్డుకు పోయింది. పదవ వంతుకు పైగా పవర్ సప్లైకి, యూపీఎస్‌కు పోయింది. కంటికి ఇంపైన దీపాలకు ఏమీ పోలేదు. పాత కంప్యూటరులోని హార్డ్ డిస్కును పారవేయక, బయటి పెట్టెలో బిగించి, ప్రతి శనివారం డిజైన్ల రెండవ ప్రతి తీసి బీరువాలో ఉంచమని కుర్రవానికి చెప్పాము. ఎందుకో కూడా చెప్పాము.

ఆటలు ఆడని పాఠకులకు ఒక మాట. కేవలం లెక్కలకు, ఉత్తరాలకు రెండు మూడు తెరలు కావాలనుకునేవారికి కార్డు అక్కరలేదు. సొంత గ్రాఫిక్స్ గల ప్రాసెసరే చాలు. మదర్‌బోర్డు వెనుక కావలసినన్ని రంధ్రాలున్నవో లేవో చూసుకుంటే ఇరవై ఎనిమిది వేలు మిగులుతాయి.

తెగిన పోగు

దీపావళి ముందరి ఆదివారం యంత్రం కూర్చాము. మూడు తెరలూ ఒక్కసారిగా వెలిగినప్పుడు, కుర్రవాడు పందెం మొదలుపెడతాడని తండ్రి ఎదురుచూశారు. అతడు మాత్రం తాతను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, తాను గీసిన చీరను మూడు తెరల మీదా పరిచాడు. ఎడమ ప్రక్క అంచు, నడుమ ఒళ్ళు, కుడి ప్రక్క కొంగు.

తాతగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి, ఎడమ తెరకు దగ్గరగా వంగి, గోరుతో ఒక చోట చూపి, "గీడ పోగు తెగింది సారూ," అన్నారు.

మాకు ఏమీ కనబడలేదు. అద్దాలు తుడుచుకుని చూశాము. ఎరుపు అంచులో ఒకే ఒక చుక్క నల్లగా ఉన్నది. వెలగని చుక్క. ఇరవై లక్షల పైచిలుకు చుక్కలలో ఒక్కటి! తెర కొన్నప్పుడు తెలుపు, ఎరుపు, పచ్చ, నీలం రంగులను ఒక్కొక్కటిగా నిండుగా పరచి పరీక్షించాలని ఇతరులకు చెప్పే మేము, ఆ రోజు తొందరలో ఆ పని మరచాము. మరునాడే బిల్లు చూపగా అంగడివారు తెర మార్చి ఇచ్చారు. ఇటువంటి ఒకటి రెండు చుక్కలకు తెర మార్చరాదన్న నిబంధన కొన్ని వారంటీలలో ఉంటుంది. కనుక పరీక్ష అంగడిలోనే జరగాలి, బిల్లు జీఎస్టీతో సహా పక్కాగా ఉండాలి.

అప్పటి నుండి ఆ ఇంట డిజైన్ వర్తకునికి పంపే ముందు తాతగారు ఒకసారి చూడడం ఆనవాయితీ అయిందని మిత్రుడు చెప్పారు. రాత్రి పందాలు కూడా సాగుతూనే ఉన్నాయట. సాగనివ్వండి.

వచ్చే సంచికలో వానకాలంలో ఇంటి ఎర్తింగును పరీక్షించుకునే విధానాన్ని వివరిస్తాము. అంతలోగా పాఠకులు తమ ఇంటి కంప్యూటరు ఫోటోలకు రెండవ ప్రతి ఉన్నదో లేదో ఒకసారి చూసుకోవలసినదిగా మనవి.